మూగవాని కల

"మూగవాడు కలగన్నట్లు" అను సామెతను మనవారు తఱుచుగ వాడుచుందురు. మనసులో నున్నదానిని వెలికి చెప్పలేక లోలోన కుమిలిపోవువానినిగూర్చి యీ మాట పుట్టినది. కల యందఱకును వచ్చును. కాని కన్న కలను చెప్పుకొనుటకు నోరును, దానిని వినుటకు చెవియు నందఱకు సమానముగ లభింపవు. మనోవ్యాధిచేత పీడింపబడువాని విషయమున నీ సామెత మఱింత నిజము. వాడు పిచ్చివాడని లోకము నిశ్చయించిన మఱుక్షణమున వాని మాటకు విలువ పోవును. చిత్రమేమనగా వాని కలకు మాత్రము లేనిపోని విలువ వచ్చును. ఆ కలకు పూజారి యొక యర్థము చెప్పును. మంత్రగాడు మఱియొక యర్థము చెప్పును. ఇంటిపెద్ద లొకటి చెప్పుదురు. చదువుకొన్న వైద్యుడు వేఱొకటి చెప్పును. చెప్పువారే గాని, "నీకేమి తోచుచున్నది?" అని వాని నడుగువారు కనబడరు. స్వప్నార్థమును నిర్ణయించు నధికార మెవ్వరిది? చికిత్సయందు స్వప్నమునకు గల స్థానమేమి? ఇవి పండితుల గోష్ఠికి మాత్రమే చెందిన ప్రశ్నలని చదువరులు తలపవలదు. ఉత్తర తెలంగాణమున నెన్నియో యిండ్లలో మనుష్యుల బ్రదుకు లీ ప్రశ్నలపై నాధారపడి యున్నవి.

కరీంనగరునుండి జగిత్యాలకు పోవు త్రోవలో, మల్యాల మండలమున, ముత్యంపేటకు చేరువగా కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రము కలదు. 2016 అక్టోబరు వఱకు నిది కరీంనగరు జిల్లాలోనిది. జిల్లాల పునర్విభజనము తరువాత జగిత్యాల జిల్లాలో చేరినది. ఈ క్షేత్రమునకు మూలము స్వప్నమే. సింగం సంజీవుడను పశులకాపరి మందలో తప్పిపోయిన పశువును వెదకి వెదకి, యలసి, చెట్టునీడను నిద్రపోయెననియు, కలలో ఆంజనేయుడు కానవచ్చి తాను కోరంద పొదలో ఎండకు వానకు నున్నానని తెలిపి, నీడ కల్పింపుమని కోరి, పశువు జాడ చెప్పెననియు, అతడు మేల్కాంచి వెదకగా పశువును విగ్రహమును రెండును దొరకెననియు స్థలపురాణము. ఈ కథను నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు మానుదురు. ఆ వివాద మిచ్చట మనకు వలదు. కాని కథలో నొక విశేషమును గమనింపవలెను. కలతోనే పని ముగియలేదు. కాపరి లేచెను, పొదను తొలగించెను, తన కన్నులతో తాను చూచెను. కల దిక్కు చూపినదే గాని, వెదకిన దాతడు.

ఆ కొండపైకి మనోవ్యాధిపీడితులను తెచ్చి, 40 దినములు స్వామి సన్నిధిని నుంచినచో స్వస్థత కలుగునను విశ్వాసము ప్రజలలో బలముగా నున్నది. దూరపు పల్లెలనుండి తల్లులు కొడుకులను, భర్తలు భార్యలను వెంటబెట్టుకొని వచ్చుచుందురు. వీరిని మూఢులని తూలనాడుట సులభము. కాని వీరికి వేఱుదారి యెన్నడు చూపితిమి? పూర్వపు హైదరాబాదు రాజ్యమున మానసిక వైద్యశాల జాల్నాలో నుండెను. 1953లో గాని యది హైదరాబాదునకు, ఎఱ్ఱగడ్డకు రాలేదు. జన్నారము అడవులలోని వానికి జాల్నా యెక్కడ? ఊరివా డెఱిగిన దిక్కు కొండగట్టు. అచ్చటికి పోవుటకు చీటి యక్కఱలేదు. పిచ్చివాడను ముద్ర పడదు. తోడుగ తల్లి యుండవచ్చును. కావున కొండ నెక్కినవానిని నిందించుటకు ముందు, కొండ దిగినవానికి మన మేమి సిద్ధము చేసితిమని విచారించుట న్యాయము.

ఇట్లు దేవాలయమున నిద్రచేసి వ్యాధినివృత్తిని కోరుట మన దేశమునకే పరిమితము గాదు. ప్రాచీన గ్రీసుదేశమున ఎపిడారసు నగరమున అస్క్లీపియసను వైద్యదేవత యాలయము కలదు. రోగు లచ్చట ఒక ప్రత్యేకమందిరమున పరుండి, కలలో దేవుని దర్శనమును, చికిత్సను కోరెడివారు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమునాటి శిలాశాసనము లా స్వప్నములను, స్వస్థతలను వర్ణించుచు నేటికిని నిలిచి యున్నవి. దుఃఖితుడైన మనుష్యుడు రాత్రివేళ నొక యుత్తరమున కెదురుచూచుట యెల్ల దేశములలోను గలదు. ఆ యుత్తర మెవ్వరినుండి వచ్చుననుటయందే భేదము.

మన ప్రాచీనులు కలలన్నిటిని దైవాజ్ఞలుగ భావించిరనుట సరిగాదు. చరకసంహిత యింద్రియస్థానమున స్వప్నములు ఏడు విధములని చెప్పబడినది. చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, భావిని సూచించునది, వాతపిత్తాది దోషములవలన కలుగునది: ఇవియే యా యేడు. వీనిలో మొదటి యైదును నిష్ఫలములని వైద్యుడు గ్రహింపవలెనని చరకుడు శాసించెను. అనగా వానినుండి శకునములు తీయరాదని భావము. ఆ కాలమునకు నిది గొప్ప వివేకము. శకునములను నమ్మిన వైద్యుడే శకునముల యెల్లలను గుదించినాడు. కాని నేటి మనోవైద్యునకు కావలసినవి సరిగా నా నిష్ఫలములైన యైదే. రోగి యేమి చూచెను? ఏమి వినెను? ఏమి యనుభవించెను? ఏమి కోరెను? ఏమి యూహించుకొని భయపడెను? ఒక మనుష్యుని జీవితము నింతకంటె చక్కగ విభజించి యడుగుట యెవ్వరికి సాధ్యము? శకునమునకు పనికిరాని కల చికిత్సకు పనికివచ్చును. ఏలయన నది రేపటినిగూర్చి చెప్పదు, నిన్నటినిగూర్చి చెప్పును.

బృహదారణ్యకోపనిషత్తు మఱియొక యడుగు ముందుకు వేసినది. స్వప్నలోకమున రథములు లేవు, గుఱ్ఱములు లేవు, త్రోవలు లేవు. వాని నన్నిటిని కలగనువాడే సృజించుకొనుచున్నాడని, కర్త యతడే యని యా యుపనిషత్తు బోధించును. దీనిని వేదాంతులు ఆత్మస్వరూపమును నిరూపించుటకు వాడుకొనిరి. మన మొక నీతిని నిరూపించుటకు వాడుకొందము. ఇల్లు కట్టుకొన్నవాని యనుమతి లేక యింటిలో జొరబడుట యన్యాయమైనచో, కలను కట్టుకొన్నవాని యనుమతి లేక యందు జొరబడి, "ఇది నీ పూజగది, ఇది నీ చెఱసాల" యని నిర్ణయించుట యెట్లు న్యాయమగును?

పాశ్చాత్యదేశములలో నీ విషయమును చికిత్సాశాస్త్రముగ మార్చినవాడు వియన్నా నగరపు వైద్యుడు సిగ్మండ్ ఫ్రాయిడు. అతని స్వప్నగ్రంథము 1899 నవంబరులో వెలువడినను, దానిపై ముద్రింపబడిన సంవత్సరము 1900. పాము కనబడిన నిది, పండు కనబడిన నిది యని జాబితా వ్రాయు స్వప్నశాస్త్రములను అతడు నిరాకరించెను. ఒకే కల యిద్దఱు మనుష్యులయందు రెండర్థముల నీయవచ్చును. కావున కలలోని యొక్కొక్క యంశమునుగూర్చి కలగన్నవానికే తోచునదంతయు చెప్పనిమ్మని యతని పద్ధతి. మన దేశమున గిరీంద్రశేఖర బోసు 1922లో కలకత్తాయందు భారతీయ మనోవిశ్లేషణ సమాజమును స్థాపించి, ఫ్రాయిడుతో నుత్తరప్రత్యుత్తరములు నడపి, వంగభాషలో స్వప్నమునుగూర్చి గ్రంథము వ్రాసెను. ఫ్రాయిడు చెప్పినదెల్ల నంగీకరింపక, వాదించిన స్వతంత్రుడు బోసు.

అయితే రోగిని మాటాడనిమ్మన్న ఫ్రాయిడే, రోగి మాటను మించి తన సిద్ధాంతమును నిలిపిన సందర్భము కలదు. 1900 సంవత్సరాంతమున 18 ఏండ్ల బాలిక నొకతెను తండ్రి యతనియొద్దకు తెచ్చెను. దోరా యను మాఱుపేరుతో నామె వృత్తాంతము 1905లో ప్రకటింపబడినది. కుటుంబమిత్రుడైన యొక వివాహితుడు తన్ను చెడుదృష్టితో సమీపించెనని యామె చెప్పగా, తండ్రి యదియంతయు పిల్ల కల్పన యని త్రోసివేసెను. ఇల్లు తగులబడుచున్నట్లు, తండ్రి మంచమొద్ద నిలిచి తన్ను లేపినట్లు, తల్లి నగలపెట్టెకై పెనుగులాడినట్లు ఆమెకు మాటిమాటికి కల వచ్చుచుండెను. బాలిక చెప్పినది నిజమని ఫ్రాయిడు నమ్మెను. నమ్మియు, ఆ మనుష్యునియెడ ఆమెకే రహస్యమైన యనురాగము కలదని యా కల కర్థము చెప్పెను. ఆమె కాదన్న కొలదిని ఆ కాదనుటయే యవుననుటకు సాక్ష్యమని యెంచెను. డిసెంబరు 31న ఆమె చికిత్స చాలించి వెడలిపోయెను. నిప్పునుండి తన్ను కాపాడువారు లేరని కల మొఱపెట్టుచుండగా, మంట నీలోనే యున్నదని వైద్యుడు చెప్పినట్లయ్యెను. తన చికిత్స యేల విఫలమయ్యెనో ఫ్రాయిడే పిమ్మట విచారించుకొనెను. తండ్రి చేతి నుండి బిడ్డను వైద్యు డందుకొనునపుడు, తాను తండ్రికి లోబడినవాడా, బిడ్డకు లోబడినవాడా యని తేల్చుకొనవలెనని యీ వృత్తాంతము నేర్పును. మన జిల్లాలలోను పెండ్లి యిష్టములేని పిల్ల, అత్తింటి హింస కోర్వలేని కోడలు "గాలి సోకినది" యను పేరుతో గుడికిని, భూతవైద్యునియొద్దకును, ఆసుపత్రికిని కొనిపోబడుచున్నారు. వారి కలల కర్థము వెంటవచ్చిన పెద్దలనుండి తీసికొనుట యెంతటి యపచారము!

ఒక దృష్టాంతమును కల్పించుకొని విచారింతము. ఆదిలాబాదు ప్రాంతమున ప్రత్తిపంట పోయి, అప్పులపాలై, పురుగుమందు త్రాగి మరణించిన రైతు భార్య యొకతె యున్నదనుకొందము. ఆమెకు నిత్యము భర్త కలలో వచ్చి గడపయొద్ద నిలుచుండును. చచ్చినవారు కలలో పిలిచిన వెంట పోవలసివచ్చునని మన పల్లెలలో నొక భయము కలదు. ఇరుగుపొరుగువారు దయ్యమందురు, పురోహితుడు శాంతి చేయుమనును, వైద్యుడు నిమిషములో మాత్రలు వ్రాసి యిచ్చును. వీరిలో నెవ్వరైన కూర్చుండి, "అతడు నిలిచి యేమనుచున్నాడమ్మా?" యని యడిగినచో, ఆమె "పిల్లలు తిన్నారా యని యడుగుచున్నాడు, నాకు జవాబు లేదు" అని చెప్పవచ్చును. అప్పుడా యింట నున్నది దయ్యము గాదని, తీరని యప్పు, ఒంటరి భారము, భర్తను కాపాడలేకపోతినను చింత యని తెలియును. ఒకవేళ ఆమె "రమ్మనుచున్నాడు, పోవలెనని యున్నది" యని చెప్పినచో, వైద్యుడు మఱింత తెగువతో, "నీవు ప్రాణము తీసికొనదలచితివా?" యని సూటిగ నడుగవలెను. ఆ మాట యడిగిన లేని తలపు పుట్టునని జనులు భయపడుదురు. ఆ భయమునకు ఆధారము లేదు. అడుగుటవలన ప్రాణములు నిలుచును. కల నిచ్చట భవిష్యత్తును చెప్పలేదు. చెప్పనలవిగాని మాటకు గడప యైనది.

ఇచ్చట శాస్త్రజ్ఞులొక యాక్షేపమును తెత్తురు. 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్స్కీ, క్లైట్మను అనువారు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగ కదలు దశ యొకటి కలదని ప్రకటించిరి. ఆ దశయందు లేపినచో మనుష్యులు తఱుచుగ కలలు చెప్పుదురు. 1977లో హాబ్సను, మెకార్లీ యను అమెరికా వైద్యులు, మెదడు క్రిందిభాగమునుండి యిచ్చవచ్చినట్లు పుట్టు సంకేతములను పైభాగము కథగ కూర్చుకొనుటయే స్వప్నమని వాదించిరి. అట్లయినచో గాలికి తలుపు కొట్టుకొనిన చప్పుడున కర్థము వెదకుట వెఱ్ఱి గాదా యని యాక్షేపము. చప్పుడు గాలిదే కావచ్చును. కాని యా చప్పుడు విని, ఒకడు దొంగ వచ్చెననుకొనును. ఒకతె గల్ఫుదేశమునకు పోయిన కొడుకు వచ్చెననుకొనును. ఆ యనుకొనుటలో వారి జీవిత మున్నది. అదిగాక, నిద్రలో నేమి జరిగినను, కలను చెప్పుట మెలకువలో జరుగు పని. భయపడువాడు తన భయమును మాటలలో పెట్టి, మఱియొక మనుష్యుని యెదుట నుంచుచున్నాడు. చికిత్స యచ్చట మొదలగును.

పీడకలల చికిత్సయే దీనికి ప్రత్యక్షసాక్ష్యము. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటుమార్గమున బస్సు లోయలో పడి 60 మందికి పైగ మరణించిరి. గోదావరిఖని, మందమఱ్ఱి, బెల్లంపల్లి బొగ్గుగనులలో పైకప్పు కూలి తోటివారు మరణింపగా బయటపడిన కార్మికులు మన మధ్య నున్నారు. ఇట్టి యాపదలనుండి బ్రదికినవారిలో కొందఱికి ఆ దృశ్యమే యున్నదున్నట్లు రాత్రి మరల మరల వచ్చును. కలలన్నియు కోరికల నెఱవేర్పులన్న ఫ్రాయిడు సైతము, మొదటి ప్రపంచయుద్ధమున భయకంపితులైన సైనికుల స్వప్నములను చూచి, ఇవి కోరికకు లొంగవని 1920లో నొప్పుకొనవలసివచ్చెను. వీరికి గూఢార్థములు చెప్పుట పుండుపై కారము చల్లుట. ఇటీవలి వైద్యులు వేఱొక పద్ధతి నవలంబించిరి. రోగి మెలకువలో తన పీడకలను తలచి, తన కిష్టమైన రీతిగ దానిని మార్చుకొని, ఆ మార్చిన కలను దినదినము కొంతసేపు మనసులో చూచుకొనవలెను. ఎట్లు మార్చవలెనో వైద్యుడు చెప్పడు. 2001లో బారీ క్రాకవ్ అను వైద్యుడును, అతని సహచరులును అత్యాచారమునకు గుఱియై పీడకలలతో బాధపడు 168 మంది స్త్రీలను రెండు వర్గములుగ చేసి పరీక్షింపగా, ఈ సాధన చేసినవారికి పీడకలలు తగ్గి నిద్ర కుదుటపడినది. 2018లో అమెరికాలోని నిద్రావైద్యుల సంస్థ పీడకలల వ్యాధికి నీ పద్ధతినే సిఫారసు చేసినది. స్వప్నమునకు కర్త కలగనువాడే యని యుపనిషత్తు చెప్పిన దానికి, వైద్యశాస్త్రము వేఱుదారిని వచ్చి సాక్ష్యము పలికినట్లున్నది. అపహరింపబడిన కర్తృత్వమును తిరిగి వాని కిచ్చుటయే యీ చికిత్స.

ఆ కర్తృత్వమును పరులు పట్టుకొనినచో నేమగునో తమిళనాడు చూపినది. రామనాథపురము జిల్లా ఏర్వాడిలోని దర్గాకు మనోరోగులను తెచ్చెడివారు. స్వస్థత పొందిన రోగికి ఇంటికి పొమ్మని కలలో నాజ్ఞ వచ్చునని నమ్మకము. ఆ కల వచ్చువఱకు రోగులను ప్రక్కనున్న ప్రైవేటు ఆశ్రయములలో నుంచి, సంకెళ్ళతో కట్టివేసెడివారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అట్టి యాశ్రయ మొకటి తగులబడినది. సంకెళ్ళు వీడక 28 మంది మరణించిరి. విడుదలకు కల రావలెనని కట్టివేయుటకంటె ఘోరమేమున్నది? కలను బలవంతముగ తెప్పింపలేము. కాని సంకెల నొక్క తాళముతో విప్పగలము. 2018 మే 29 నుండి యమలులోనున్న 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టము మనోరోగిని ఏ విధముగను, ఏ రూపమునను గొలుసులతో బంధింపరాదని నిషేధించినది.

అట్లని పవిత్రస్థలములన్నియు చెఱసాలలని నిర్ణయించుట న్యాయము గాదు. తమిళనాటి యొక యాలయమున ఆశ్రయము పొందిన 31 మంది తీవ్రమనోరోగులను బెంగళూరు మనోవైద్యులు పరిశీలించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. వారచ్చట సగటున ఆఱు వారము లుండిరి. మందులు లేకున్నను వారి రోగలక్షణములు కొలతలో సుమారు 20 శాతము తగ్గెను. ప్రత్యేకమైన మంత్రతంత్రము లేమియు నచ్చట లేవు. అదలింపు లేదు, అవమానము లేదు, ఇంటివారు తోడుండిరి, చిన్న చిన్న పనులు కల్పింపబడినవి. ఆదరమే యచ్చటి యౌషధము. గుజరాతులోని ఉనావా గ్రామమున మీరా దాతార్ దర్గాయందు "దవా-దువా" యను పేర, ప్రార్థనకు వచ్చిన రోగులకు ప్రక్కనే మనోవైద్యులు చికిత్స చేయు నేర్పాటు జరిగినది. మ్రొక్కును మాన్పింపలేదు, మందును మఱువలేదు. ఇట్టిది మన ప్రాంతపు క్షేత్రములయొద్దను ఏల నుండరాదు? తల్లి చేతిలో తీర్థము, వైద్యుని చేతిలో మాత్ర, రెండింటి నడుమ రోగి మాటను విను నొక మనుష్యుడు: ఈ మూడును ఒక చోట నుండుటకు అడ్డమేమి?

స్వప్నమునుగూర్చిన యజ్ఞానము రోగికే గాక పొరుగువానికిని ప్రాణాంతకమగుచున్నది. మన జిల్లాలలో బాణామతి, చేతబడి యను భయము లింకను చావలేదు. జ్వరమున పడినవానికి పొరుగింటి ముసలమ్మ కలలో కనబడుట మామూలు విషయమే. పగలెల్ల కంటికి కనబడువారే రాత్రి కనబడుదురు. కాని మంత్రగాడు దానిని సాక్ష్యముగ చేసినచో, దిక్కులేని యా ముసలమ్మకు ఊరిలో నిలువ నీడ యుండదు. చేతబడి యనుమానముతో మనుష్యులను చంపిన వార్తలు ఉత్తర తెలంగాణమునుండి యీ శతాబ్దమునను వచ్చుచున్నవి. కావున నొక నియమమును గట్టిగ పట్టుకొనవలెను. కల కలగన్నవానినిగూర్చియే సాక్ష్యము చెప్పును, పరులనుగూర్చి చెప్పదు. కలలోని ముసలమ్మ రోగి మనసు గీసిన బొమ్మ. ఆ బొమ్మ చేసిన నేరమునకు మనిషిని శిక్షించుట హత్య.

సుందరకాండమున నొక కల కలదు. అశోకవనమున రాక్షసస్త్రీలు సీతను బెదరించుచుండగా, త్రిజట లేచి తాను కన్న కలను చెప్పెను. అది విని వారు భయపడిరి, బెదరింపు మానిరి. ఆ కల రాబోవు యుద్ధమును చెప్పినదని పౌరాణికులు మెచ్చుకొందురు. బంధింపబడిన యొక స్త్రీపై నెత్తిన చేతులను దింపించినదని మనము మెచ్చుకొందము. స్వప్నార్థమునకు నీతిపరీక్ష యిదియే. చెప్పిన యర్థము బంధమును సడలించునా, బిగించునా? దుఃఖితునకు ధైర్య మిచ్చునా, లేక వేఱొకరి చేతికి కఱ్ఱ నిచ్చునా?

ఇంకొక కష్టము భాషది. ఆదిలాబాదు అడవులలోని గోండులు గోండీ భాషలోను, కోలాములు కోలామీ భాషలోను కలలు కందురు. గోండు గూడెములలో భక్తాల్ అనువాడు పూనకమున దేవుని మాట పలుకును. ఆ పలుకు గూడెము భాషలో, గూడెము నడుమ వినబడును. అదే మనుష్యుడు పట్టణపు టాసుపత్రికి వచ్చినచో, తెలుగు ప్రశ్నకు వచ్చీరాని తెలుగులో జవాబు చెప్పవలెను. కల యర్థ మనేక పర్యాయములు మాటల పోలికలపై నిలిచి యుండును. ఆ పోలికలు అనువాదమున రాలిపోవును. 1940లో కొమురం భీము మరణించిన తరువాత నిజాము ప్రభుత్వము పిలువగా వచ్చిన హైమెండార్ఫు మార్లవాయి గూడెమున నివసించి, గోండు పిల్లలకు గోండీలోనే చదువు చెప్పించెను. బిడ్డకు తల్లిభాషలో అక్షరము కావలెనని యెనుబదేండ్ల క్రిందటనే తెలిసినది. రోగికి తల్లిభాషలో చెవి కావలెనని తెలియుట కింకను జాగేల? గోండీ తెలిసిన గూడెపు యువతీయువకులకు శిక్షణ మిచ్చి, వైద్యుని ప్రక్కన కూర్చుండబెట్టుట రాజ్యమునకు భారమైన పని గాదు.

ఇంతకును స్వప్నమే సర్వమని మన వాదము గాదు. తీవ్రమైన చిత్తభ్రమ కలవానికి ముందుగ కావలసినది మందును, నిద్రయు, రక్షణయు. వానియొద్ద కలలు త్రవ్వుట హాని చేయవచ్చును. కలలో దేవుడు మానుమన్నాడని మందు మానుట ప్రమాదము. కలను చెప్పనొల్లనివానిని బలవంతపెట్టరాదు. చెప్పినదానిని ఇంటివారి చెవిని వేయరాదు. తోచిన యర్థమును తీర్పుగ పలుకక ప్రశ్నగ నడుగవలెను. రోగి కాదన్నచో ఆ కాదనుటను మన్నింపవలెను. వైద్యునకు తెలిసినది వ్యాధి. రోగికి తెలిసినది తన జీవితము. ఒకరి యెఱుక నొకరు దొంగిలింపక కలుపుకొనినచో చికిత్స సాగును.

పూజారులకును, వైద్యులకును, ఇంటిపెద్దలకును మన మనవి యొక్కటియే. మీ యింట, మీ గుడిలో, మీ యాసుపత్రిలో ఎవ్వరైన రాత్రి కేకవేసి లేచినచో, అర్థము చెప్పుటకు తొందరపడకుడు. దీపము వెలిగింపుడు. నీళ్ళిచ్చి ప్రక్కన కూర్చుండుడు. ఏమి చూచితివని యడిగి, వారు చెప్పినంత సేపును వినుడు.